ఆ ఆరంకెలు ఎక్కడ పుట్టాయి?

పాఠకుల సందేహాలు, సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గోడు వెళ్లబోసుకున్నాయి. పాస్‌వర్డ్ సరిగానే కొట్టాము, ఆ తరువాత అడిగిన అంకెలు మాత్రం తప్పని చెబుతోంది, లోపలికి పోనివ్వడం లేదు అన్నది వాటి సారాంశం. పాస్‌వర్డ్ తరువాత మరొక గుర్తును కూడా అడిగే ఈ పద్ధతిని రెండంచెల ధ్రువీకరణ అంటున్నారు. ఉత్తరాలు రాసినవారు దాదాపు అందరూ ‘ఓటీపీ’ అనే ఒక్క మాటతోనే పని కానిచ్చారు కానీ, వారు చెబుతున్నవి మూడు వేర్వేరు సంగతులు. కొన్ని అంకెలు మీ ఫోన్‌లోనే పుడతాయి. కొన్ని ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లో పుట్టి, ఎస్సెమ్మెస్‌గా ప్రయాణం చేసి మీ దాకా వస్తాయి. మరికొన్ని కంప్యూటర్ తెర మీద పుడతాయి. వాటిని మనమే ఫోన్‌లో కొట్టవలసి ఉంటుంది. కాబట్టి మీ అంకెలు ఎక్కడ పుట్టాయో ముందు తేల్చుకోండి. ఎక్కడ చెడ్డాయన్నది అక్కడికే సగం తేలిపోతుంది.

ప్రశ్న: అయ్యా, నేను బండల పాలిష్ ఫ్యాక్టరీలో గుమాస్తాను. సరుకు రవాణాకు కావలసిన ఈవే బిల్లు తీయడానికి పోర్టల్‌లోకి వెళితే పాస్‌వర్డ్ తరువాత ఓటీపీ అడుగుతుంది. మా షెడ్డులో సిగ్నల్ సరిగా అందదు కనుక, ఎస్సెమ్మెస్ మానుకొని, ఓటీపీని ఫోన్‌లోనే చూపే ప్రభుత్వ యాప్ ఎన్ఐసీ జీఎస్టీ షీల్డ్ వేసుకున్నాను. మొన్నటి దాకా బాగానే పని చేసింది. వారం రోజులుగా ఆ యాప్ చూపే ఓటీపీ ఒక్కటి కూడా చెల్లడం లేదు. యాప్ తీసేసి నాలుగుసార్లు మళ్లీ వేశాను. నిన్న లోడెత్తిన లారీ గేటు దగ్గర రెండు గంటలు నిలబడిపోతే షావుకారు గారు నన్నే కోప్పడ్డారు. ఫోన్‌లో టైము కూడా చూశాను. రైలు తప్పిపోకుండా ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకున్నాను తప్ప వేరే తేడా ఏమీ లేదు. లోపం ఎక్కడుందో చెప్పగలరు.
(ఒక పాఠకుడు, తాడిపత్రి)

జవాబు: మీ ఉత్తరంలో చివరి నుంచి రెండవ వాక్యమే మీ ప్రశ్నకు జవాబు. రైలు కోసం మీరు ముందుకు పెట్టుకున్న ఆ ఐదు నిమిషాలే లారీని రెండు గంటలు ఆపాయి.

ఇటువంటి యాప్‌లు అంకెలను బయటి నుంచి తెచ్చుకోవు, తామే తయారు చేసుకుంటాయి. సిగ్నల్ లేని షెడ్డులో కూడా అవి పని చేయడానికి కారణం అదే. 2011లో ప్రమాణంగా ప్రచురితమై, ఇప్పుడు అథెంటికేటర్ అనే ఇటువంటి యాప్‌లు చాలా వరకు అనుసరిస్తున్న పద్ధతిని చూస్తే సంగతి తేటపడుతుంది. యాప్‌ను మొదటిసారి మీ ఖాతాతో జత చేసినప్పుడు ఒక రహస్య సంఖ్య ఫోన్‌లో ఒకటి, సర్వర్‌లో ఒకటి చొప్పున రెండు చోట్లా నిలిచిపోతుంది. ఆ తరువాత ఫోన్ 1970 జనవరి 1 అర్ధరాత్రి, గ్రీనిచ్ కాలమానం ప్రకారం, మొదలుకొని ఇప్పటికి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్క వేసి, దానిని 30తో భాగించి, వచ్చిన సంఖ్యను ఆ రహస్యంతో కలిపి చిలికి, చివరకు ఆరంకెలను తీస్తుంది. అదే క్షణాన సర్వర్ కూడా తన గడియారాన్ని చూసుకొని అదే లెక్క చేస్తుంది. రెండూ ఒకటే అయితే తలుపు తెరుచుకుంటుంది. అంటే ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య ఆ సమయంలో మాటామంతీ ఏమీ ఉండదు. గోడకు అటొకరు ఇటొకరు కూర్చొని ఒకే ఎక్కం అప్పజెప్పినట్లు ఉంటుంది వ్యవహారం.

అంకెలు 30 సెకన్లకు ఒకసారి మారతాయి కనుక ఐదు నిమిషాలంటే పది మెట్లు. మీ ఫోన్ పది మెట్ల అవతల రాబోయే అంకెలను ఇప్పుడే చూపిస్తోంది. సర్వర్లు సాధారణంగా ఒక మెట్టు అటూ ఇటూ అయితే సర్దుకుపోతాయి, పది మెట్లంటే ఒప్పుకోవు. ఎన్ఐసీ యాప్ విషయంలో కూడా అందులో కనిపించే సమయం ఈవే బిల్లు వ్యవస్థ సమయంతో సరిపోవాలనే నియమం ఉంది. యాప్‌ను ఎన్నిసార్లు తీసి వేసినా అది చూసుకునేది మీ ఫోన్ గడియారాన్నే కాబట్టి ఫలితం మారదు.

చేయవలసినది చిన్న పని. ఫోన్ సెట్టింగ్స్‌లో తేదీ, సమయం అనే చోటికి వెళ్లి ‘ఆటోమేటిక్’ అన్నదానిని ఆన్ చేయండి. షెడ్డులో సిగ్నల్ అందదన్నారు కనుక, అక్కడే నిలబడి ఆన్ చేస్తే సమయం వెంటనే సరి కాకపోవచ్చు. గేటు బయటికి, సిగ్నల్ నాలుగు గీతలు కనిపించే చోటికి నడిచి, ఒక్క నిమిషం ఆగి, గడియారం వెనక్కి దూకడం కళ్లారా చూసి రండి. ఆ తరువాత యాప్ తెరిచి, అంకెలు మారేదాకా ఆగి, కొత్తగా వచ్చిన వాటినే కొట్టండి. గడువు చివరి మూడు సెకన్లలో అంకెలు చూసి హడావుడిగా కొట్టే అలవాటు చాలామందికి ఉంది. అది ఒక్కోసారి చెల్లుతుంది, ఒక్కోసారి చెల్లదు. చెల్లనప్పుడు యాప్‌ను తిడతారు. ఐదు నిమిషాల ముందుచూపు తప్పదనుకుంటే దానిని చేతి గడియారానికి పెట్టుకోండి.

మరొక మాట కూడా మీ షావుకారు గారితో చెప్పండి. ఈవే బిల్లు పోర్టల్‌లో రెండంచెల ధ్రువీకరణను మొదట పెద్ద టర్నోవర్ వారికి తప్పనిసరి చేసి, 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ వర్తింపజేశారు. ఇకమీద అది లేకుండా లోపలికి పోయే దారి లేదు. 50,000 రూపాయలు దాటిన సరుకు కదలాలంటే ఈవే బిల్లు కావలసిందే కనుక, ఆ బండి ఒకే ఒక్క ఫోన్ మీద ఆధారపడి ఉండకూడదు. యజమాని యూజర్ ఐడీతోనే అందరూ లోపలికి పోయే ఏర్పాటు ఉంటే దానిని మాన్పించి, పని చేసే ప్రతి మనిషికీ అతని సొంత మొబైల్ నంబరుతో సబ్ యూజర్‌ను, అంటే ఉప ఖాతాను, సృష్టించమనండి. ఒకరి ఫోన్ మొరాయించినా మరొకరు బిల్లు తీస్తారు. ఓటీపీ ఎస్సెమ్మెస్‌గానూ, ప్రభుత్వ సందేశాల యాప్ అయిన సందేస్‌లోనూ కూడా వస్తుంది కనుక, షీల్డ్ యాప్ పని చేయని రోజున ఆఫీసు గది నుంచి ఆ దారిలో ప్రయత్నించవచ్చు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయినిని. కువైట్‌లో పని చేసే మా తమ్ముడు సెలవుకు వస్తూ తాను వాడిన ఫోన్ నాకు తెచ్చి ఇచ్చాడు. గడియారం వెనకబడి ఉంటే నేనే చేత్తో సరిచేసుకున్నాను. ఇప్పుడు గోడగడియారంతో నిమిషం తేడా లేకుండా సరిపోతోంది. పాత ఫోన్‌లోని అథెంటికేటర్ ఖాతాలను క్యూఆర్ కోడ్ చూపించి ఇందులోకి మార్చుకున్నాను. పేర్లన్నీ వచ్చాయి, అంకెలు మారుతున్నాయి, కానీ ఏ ఒక్క ఖాతా వాటిని ఒప్పుకోవడం లేదు. పాత ఫోన్‌లోని అంకెలు మాత్రం ఇప్పటికీ చెల్లుతున్నాయి. రెండు ఫోన్లలోనూ అంకెలు వేర్వేరుగా ఉండడం చూసి భయమేసింది.
(ఒక పాఠకురాలు, కడప)

జవాబు: అమ్మా, మీరు రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టి చూడడం వల్ల మా పని సులువైంది. ఒకే రహస్యం రెండు ఫోన్లలో ఉన్నప్పుడు ఒకే క్షణాన ఒకే అంకెలు కనిపించాలి. కనిపించడం లేదంటే, రెండింటిలో ఒకదానికి ఇప్పుడు ఎంత సమయమైందో తెలియదన్నమాట. గోడగడియారంతో సరిపోతున్నా, తెలియనిది కొత్త ఫోన్‌కే.

ఫోన్‌లో సమయానికి రెండు భాగాలు ఉంటాయి. తెర మీద కనిపించే గంటలు ఒకటి, ఆ గంటలు ఏ దేశానివన్నది రెండవది. మీరు మొదటిదాన్ని సరిచేశారు, రెండవది కువైట్ దగ్గరే ఉండిపోయింది. గ్రీనిచ్ కంటే మనం ఐదున్నర గంటలు ముందుంటాము, కువైట్ మూడు గంటలు ముందుంటుంది. కడపలో ఉదయం 10 గంటలైనప్పుడు గ్రీనిచ్‌లో నిజానికి 4:30 అవుతుంది. కానీ మీ ఫోన్ తాను కువైట్‌లో ఉన్నాననుకొని, 10లోంచి 3 తీసివేసి, గ్రీనిచ్‌లో 7 అయిందని లెక్క కడుతోంది. రెండున్నర గంటల తేడా అంటే 300 మెట్లు. అథెంటికేటర్ చూసేది ఈ గ్రీనిచ్ లెక్కనే కాని తెర మీది గంటలను కాదు.

తేదీ, సమయం సెట్టింగ్స్‌లో టైమ్ జోన్‌ను భారతదేశానికి మార్చి, సమయాన్నీ జోన్‌నూ రెండింటినీ ఆటోమేటిక్‌లో వదిలేయండి. రెండు ఫోన్లలోనూ అంకెలు ఒకటయ్యాయని చూసుకొని, ప్రతి ఖాతాలోకీ కొత్త ఫోన్‌తో ఒకసారి ప్రవేశించి, అప్పుడే పాత ఫోన్‌లోవి తీసేయండి. గల్ఫ్ నుంచి ఫోన్లు చేతులు మారి రావడం కడప జిల్లాలో కొత్త విషయం కాదు కాబట్టి, ఈ చిక్కు మీ ఒక్కరిదే అయి ఉండదు.

ప్రశ్న: విశ్రాంత ఉద్యోగిని. బస్సులో ఫోన్ పోగొట్టుకున్నాను. అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకొని, కొత్త ఫోన్‌లో గూగుల్ అథెంటికేటర్ వేసుకుంటే లోపల ఖాళీగా ఉంది. నంబరు అదే కదా, పాత అంకెలు ఎందుకు రావు? నా జీమెయిల్‌లోకి పోవాలంటే ఆ యాప్‌లోని అంకెలే అడుగుతోంది.
(ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు)

జవాబు: నంబరు సిమ్‌తో వస్తుంది, రహస్యం సిమ్‌తో రాదు. అది పాత ఫోన్‌లోని యాప్‌లో ఉండిపోయింది. 2023 ఏప్రిల్ నుంచి గూగుల్ అథెంటికేటర్‌లో ఖాతాలను గూగుల్ ఖాతాకు జత చేసి దాచుకునే వీలు వచ్చింది. మీరు పాత ఫోన్‌లో యాప్‌ను అలా జత చేసి ఉంటే, కొత్త ఫోన్‌లో అదే గూగుల్ ఖాతాతో ప్రవేశించగానే అన్నీ తిరిగి వస్తాయి. చిక్కేమిటంటే, మీకు మూసుకుపోయినది ఆ గూగుల్ ఖాతానే. పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం నొక్కినట్లయింది.

అయినా దారులు ఉన్నాయి, మేము చెప్పే వరుసలో చూడండి. ఇంట్లోని కంప్యూటర్‌లో గాని, మనవడి ట్యాబ్‌లో గాని మీ జీమెయిల్ ఇప్పటికే తెరిచి ఉందేమో ముందు వెతకండి. ఉంటే దానిలోంచి లాగౌట్ కావద్దు. అక్కడి నుంచే ఖాతా భద్రతా సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాత అథెంటికేటర్‌ను తొలగించి కొత్త ఫోన్‌ను జత చేయవచ్చు. అది లేకపోతే, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నప్పుడు గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్లను ఎక్కడైనా అచ్చు తీసి పెట్టుకున్నారేమో చూడండి. అవి ఎనిమిదేసి అంకెల పది సంఖ్యలు. ఒక్కొక్కటి ఒక్కసారే చెల్లుతుంది. అదీ దొరకకపోతే, అంకెలు అడిగే తెర మీదే ‘మరొక మార్గం ప్రయత్నించండి’ అని ఒక లింకు ఉంటుంది. చాలామంది దానిని చూడనే చూడరు. మీ మొబైల్ నంబరును గతంలో ఇచ్చి ఉంటే ఎస్సెమ్మెస్ దారి అక్కడ కనిపిస్తుంది, కొత్త సిమ్ అప్పుడు పనికి వస్తుంది.

ఏదీ కుదరక ఖాతా పునరుద్ధరణ ఫారం నింపవలసి వస్తే, నెట్ సెంటర్‌కు పోకండి. మీరు ఎప్పుడూ వాడే ఇంటి కంప్యూటర్ నుంచి, ఎప్పుడూ వాడే నెట్ కనెక్షన్ మీద నింపండి. తెలిసిన పరికరం, తెలిసిన చోటు అన్నవి కూడా అక్కడ సాక్ష్యంగా లెక్కకు వస్తాయి. డబ్బిస్తే ఖాతా తెరిపిస్తామని చెప్పేవారిని గడప ఎక్కనీయకండి. ఆఫీసు ఖాతాల సంగతి మాత్రం వేరు. వాటికి ఇంత తంటా అక్కరలేదు, ఆ సంస్థలో ఖాతాలు చూసే అధికారి పాత జతను తుడిచివేస్తే మళ్లీ క్యూఆర్ కోడ్ వస్తుంది. అలా మళ్లీ జత చేసుకున్నప్పుడు యాప్‌లో ఒకే పేరుతో రెండు వరుసలు మిగిలే సందర్భం ఉంది. పాత వరుస కూడా దర్జాగా అంకెలు చూపిస్తూనే ఉంటుంది, అవి ఎన్నటికీ చెల్లవు. కొత్త వరుసతో ఒకసారి ప్రవేశించి చూసుకున్నాక పాతదాన్ని చెరిపేయండి.

ప్రశ్న: నాకు బట్టల అంగడి ఉంది. బ్యాంకు ఖాతాలోకి పోవాలంటే ఓటీపీ రాదు. మళ్లీ పంపు, మళ్లీ పంపు అని మూడుసార్లు నొక్కితే, పావుగంటకు మూడూ ఒకేసారి వస్తాయి. పైనున్నది కొడితే తప్పంటుంది.
(ఒక పాఠకురాలు, ఆదోని)

జవాబు: ఇక్కడ అంకెలు బయట పుట్టి మీ దాకా నడిచి వస్తున్నాయి, కాబట్టి గడియారంతో పని లేదు, దారినే చూడాలి. మీరు ‘మళ్లీ పంపు’ నొక్కిన ప్రతిసారీ సాధారణంగా అంతకు ముందుది చెల్లకుండా పోతుంది. దారిలో రద్దీ ఉంటే మూడు సందేశాలూ పంపిన వరుసలోనే రావాలన్న నియమమేమీ లేదు, రెండవది మూడవదాని తరువాత వచ్చి పైన కూర్చోవచ్చు. అప్పటికి ఓటీపీ గడువు కూడా తీరిపోయి ఉండవచ్చు. ఒక్కసారి నొక్కి, తెర మీద లెక్క పూర్తయ్యేదాకా ఓపిక పట్టండి. సందేశంలో రెఫరెన్స్ సంఖ్య ఇచ్చే బ్యాంకు అయితే తెర మీది దానితో సరిచూసుకొని కొట్టండి.

అసలు రాకపోవడానికి చిల్లర కారణాలు చాలా ఉంటాయి. రీచార్జి గడువు తీరిపోయిందా, రెండు సిమ్ముల ఫోన్‌లో బ్యాంకుకు ఇచ్చిన సిమ్ ఆఫ్‌లో ఉందా, సందేశం స్పామ్ అరలోకి పోయిందా అన్నవి చూసుకోండి. ఈమధ్యే సిమ్ మార్చి ఉంటే మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. మీ నంబరు మీద దొంగ సిమ్ తీసి ఓటీపీలు కాజేయకుండా పెట్టిన కట్టుబాటు అది. దానికి విరుగుడు వెతకవద్దు, ఆగండి.

ఇంకొకటి గమనించండి. బ్యాంకు ఓటీపీ పది అంకెల మామూలు నంబరు నుంచి రాదు. అక్షరాలతో ఉన్న పేరు నుంచి వస్తుంది. ఆ పేరు చివర పీ అక్షరం ఉంటే అది ప్రచారం కిందికి వస్తుంది. ఓటీపీ పేరు చెప్పుకొని వచ్చిన సందేశానికి ఆ తోక ఉంటే నమ్మవద్దు.

ప్రశ్న: ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నేను లాగిన్ అయినప్పుడు ఫోన్‌కు రావలసిన ‘ఆమోదించాలా’ అన్న సందేశం రాదు. రాత్రి రెండు గంటలకు, నేను నిద్రలో ఉన్నప్పుడు మాత్రం వరసగా ఏడెనిమిది వచ్చాయి. యాప్ చెడిపోయిందా?
(ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: మీవి రెండు ప్రశ్నలు, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. మొదటిది చిన్నది. ఫోన్ బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు ఆ యాప్‌ను నిద్రపుచ్చుతోంది, లేదా ఆండ్రాయిడ్ 13, ఆ తరువాతి ఫోన్లలో నోటిఫికేషన్లకు విడిగా అనుమతి ఇవ్వాలి కనుక అది ఇచ్చి ఉండరు. యాప్‌ను మీరే తెరిచి చూస్తే ఆగి ఉన్న సందేశం చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది.

రెండవది పెద్దది. రెండవ అంచె దాకా వచ్చి తలుపు తడుతున్నారంటే, మొదటి అంచె అయిన మీ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిపోయింది. యాప్ చెడిపోలేదు, యాప్ ఒక్కటే ఆ రాత్రి మీ కాపలా కాసింది. నిద్రమత్తులో, విసుగుతో ఒక్కసారి ‘సరే’ నొక్కుతారని వారి ఎత్తు. 2022 సెప్టెంబరులో ఊబర్ సంస్థలోకి చొరబడినవారు ఒక కాంట్రాక్టర్‌కు పదే పదే ఇటువంటి అభ్యర్థనలు పంపి, చివరకు ఆయన ఒకటి ఆమోదించగానే లోపలికి పోయారు. ఇటువంటి మోసాల వల్లనే 2023 మే నుంచి మైక్రోసాఫ్ట్ తన అథెంటికేటర్ సందేశాల్లో, లాగిన్ తెర మీద కనిపించే సంఖ్యను ఫోన్‌లో కొట్టడం తప్పనిసరి చేసింది. మొదట్లో చెప్పిన మూడవ రకం అంకెలు ఇవే. తెర ఎదుట కూర్చున్నవారికే సంఖ్య తెలుస్తుంది కనుక, నిద్రలో నొక్కినా పొరపాటు జరగదు. అయితే ఆ సంఖ్యను ఫోన్ చేసి చెప్పి, ‘కొట్టండి మేడమ్, మీ ఆఫీసు ఐటీ విభాగం నుంచి మాట్లాడుతున్నాం’ అనేవారూ ఉన్నారు. మీరు తెర ముందు లేనప్పుడు మీకు ఎవరు సంఖ్య చెప్పినా అది దొంగ సంఖ్యే.

వచ్చిన వాటన్నింటినీ తిరస్కరించి, ‘ఇది నేను కాదు’ అన్న మీట ఉంటే నొక్కి, ఈ పూటే పాస్‌వర్డ్ మార్చండి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడి ఉంటే అక్కడ కూడా మార్చండి. ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేయండి, సందేశాలు వచ్చిన గంట, నిమిషం కూడా రాయండి. డబ్బు పోయినట్లు తెలిస్తే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి, ముందు సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయండి.

ప్రశ్న: బ్యాకప్ కోడ్లను కాగితం మీద రాసి పెట్టుకోవచ్చునా? మా అబ్బాయి అది పాతకాలపు పద్ధతి అని నవ్వుతున్నాడు.
(ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: నిస్సంకోచంగా రాసుకోండి. బీరువాలో పొలం పాస్‌పుస్తకాల సరసన పెట్టండి. ఫోన్‌లో ఫొటో తీసి దాచుకోమని మీ అబ్బాయి చెబితే వినవద్దు. ఫోన్ పోయిన రోజున పనికి రావలసిన కాగితం ఫోన్‌తో పాటే పోతుంది. కాగితం మీద ఖాతా పేరు గాని, పాస్‌వర్డ్ గాని రాయకండి, అంకెలు చాలు. ఒకటి వాడగానే దానిని పెన్నుతో కొట్టివేయండి. మూడో నాలుగో మిగిలినప్పుడు కొత్త జాబితా తీసుకోండి, అది రాగానే పాతవన్నీ చెల్లకుండా పోతాయి కనుక పాత కాగితాన్ని చించివేయండి.